పాత స్నానాలగదిని తిరగకట్టించుకున్న నా అనుభవం

మా ఇంటి స్నానాలగదికి ఇల్లు కట్టిన నాటి నుంచి మరమ్మతు అన్నది లేదు. గోడలకు నడుము ఎత్తు వరకు ముదురు గోధుమరంగు టైల్స్, ఆపైన ఏటేటా పొట్టులా లేచిపోయే రంగు, తలుపు మీద ఒకే ఒక్క బల్బు, ఎంత తోమినా నల్లగానే ఉండే టైల్స్ సందులు. చూసినవారందరూ టైల్స్ మార్చేస్తే గది కొత్తదైపోతుందని చెప్పారు. నాకు మాత్రం ఆ గది పాతబడినట్లు కనిపించడానికి రంగులకన్నా, ఏ వేళ చూసినా తడిగా ఉండటమే పెద్ద కారణమని అనిపించేది. తడి ఆరని చోట తెల్లటి మరక కడుతుంది, పాచి పడుతుంది, ఇనుము తుప్పు పడుతుంది, చెక్క ఉబ్బుతుంది. ఎంత మంచి సామాను తెచ్చి బిగించినా కొద్ది నెలల్లో దానికీ అదే గతి. అందుకే పని మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా ప్రతి నిర్ణయం దగ్గరా ఒకే ప్రశ్న వేసుకున్నాను: ఇక్కడ పడిన నీరు ఎటు పోతుంది, మిగిలిన తడి ఎంత త్వరగా ఆరుతుంది?

సుత్తి పట్టించకముందు కొన్నాళ్లపాటు గదిని ఊరికే గమనించాను. పొద్దున అందరి స్నానాలూ అయ్యాక మధ్యాహ్నం వరకు ఆగి లోపలికి వెళ్లి, అప్పటికీ తడిగా ఉన్న చోట్ల చుట్టూ పొడి అంచు మీద సుద్దముక్కతో గీత గీసేదాన్ని. ఏ రోజు చూసినా గీతలు దాదాపు అవే చోట్ల పడ్డాయి: కమోడ్ వెనక మూల, గడప వెంబడి జానెడు మేర, కిటికీ కింది చట్టం, సబ్బులు పెట్టే గూడు. కమోడ్ వెనక గోడకు అవతలి వైపు పడకగది ఉంది. అక్కడ అదే ఎత్తులో రంగు బుడగలు లేచి, గోరు తగిలితే చాలు తెల్లటి ఉప్పు పొడిలా రాలేది. ఒకరోజు స్నానం చేసే చోట నేల మీద గోళీ వదిలి చూశాను. అది నీళ్లు పోయే జాలీ వైపు కాకుండా, దానికి ఎదురుగా ఉన్న కమోడ్ మూలకు దొర్లుకుంటూ పోయి ఆగింది. ఏళ్ల తరబడి మేము చీపురుతో తోస్తూ వచ్చిన నీరంతా అసలు ఎటు పోవాలనుకుంటోందో అప్పుడు స్పష్టంగా తెలిసింది.

ఆ గీతలను కాగితం మీదికి ఎక్కించి, కొలతలతో సహా గది పటం గీసుకున్నాను. కమోడ్‌ను కిటికీ వైపు జరిపితే గది విశాలంగా కనబడుతుందన్న ఆలోచన ఇంట్లో వచ్చింది గాని, ప్లంబర్‌తో మాట్లాడాక దాన్ని వదిలేశాం. కమోడ్ నుంచి వెళ్లే నాలుగు అంగుళాల పైపుకు వాటం, అంటే నీరు పారే వాలు, ఉండాలి. దాన్ని దూరం జరిపితే ఆ వాటం కోసం నేలను ఎత్తాలి, నేలను ఎత్తితే గడప దగ్గర మెట్టు వస్తుంది. మోకాళ్ల నొప్పులతో ఉన్న మా అమ్మ రోజూ వాడే గదిలో కొత్తగా ఒక మెట్టు పెట్టడానికి నా మనసు ఒప్పలేదు. మురుగు పైపులను ఉన్నచోటే ఉంచి తక్కినవన్నీ వాటి చుట్టూ సర్దుకోవడమే మేలని నిశ్చయించుకున్నాం. కొత్త కమోడ్ ఎంచుకునే ముందు నేలలోని రంధ్రం నడిమధ్య నుంచి గోడ దాకా ఉన్న దూరం కొలిచాం. ఈ కొలత టైల్స్ అంటించాక ఉండబోయే గోడ ముఖం నుంచి తీసుకోవాలి, ఎందుకంటే ప్లాస్టరింగ్, జిగురు, టైల్ మందం అన్నీ కలిస్తే అంగుళం దాకా తరుగు వస్తుంది. ఆ అంగుళం లెక్కలోకి రాకపోతే ట్యాంకు గోడకు తగిలి కమోడ్ తన చోట కూర్చోదు.

కూల్చే రోజున మేస్త్రి గారు చేయించిన మొదటి పని నాకు చాలా నచ్చింది. నీళ్ల వాల్వు మూయించి, మురుగు రంధ్రాలన్నింటిలో గోనె గుడ్డలు కుక్కించి, వాటి మీద అట్టముక్కలు అంటించారు. పగలగొట్టిన సిమెంటు పెళ్లలు పైపులోకి జారితే, గది అంతా పూర్తయ్యాక గాని ఆ అడ్డు సంగతి బయటపడదు. టైల్స్ చాలావరకు ఉలి తగలగానే పలకకు పలక ఊడి వచ్చేశాయి. వాటి వెనక సిమెంటు చేతికి చెమ్మగా తగిలింది. నేల కింద నీరు దిగకుండా ఆపే పూత ఏదీ కనబడలేదు. గోడలోని వేడినీటి ఇనుప పైపును రంపంతో కోసినప్పుడు లోపల చూసిన దృశ్యం మాత్రం మరువలేను. ముప్పాతిక అంగుళం పైపులో తుప్పు పొరలు పొరలుగా పేరుకుని, నడుమ పెన్సిలు దూరేంత సందు మాత్రమే మిగిలి ఉంది. షవర్ సన్నగా వస్తున్నది ట్యాంకు ఎత్తు చాలకేనని ఇన్నాళ్లూ అనుకునేవాళ్లం. అసలు కారణం ఆ కోసిన ముక్కలో ఉంది.

పైపులన్నీ మార్చాం. వేడినీటికి సీపీవీసీ రకం ప్లాస్టిక్ పైపు వేయించాం, అది సుమారు 93 డిగ్రీల సెల్సియస్ వరకు తట్టుకుంటుంది. చన్నీటికి యూపీవీసీ సరిపోతుంది గాని దాన్ని వేడినీటి దారిలో వాడకూడదు. అతుకులన్నీ ఆరాక, గాడులు పూడ్చకముందే, పైపుల చివరలు బిగించి పంపుతో ఒత్తిడి ఎక్కించి రాత్రంతా వదిలేశాం. పొద్దునకు ఒత్తిడి చూపే ముల్లు కదలలేదు. ఆ తర్వాతే సిమెంటు పెట్టనిచ్చాను. పూడ్చేముందు ప్రతి గోడకూ కొలత టేపు ఆనించి ఫొటోలు తీసుకున్నాను. రేపు అద్దానికో పట్టుకమ్మీకో డ్రిల్లింగ్ చేయాల్సి వస్తే, ఏ పైపు ఎక్కడ పోతోందో ఆ ఫొటోలే చెబుతాయి. నీటిని షవర్‌కో కుళాయికో మళ్లించే, గోడలో దాగి ఉండే డైవర్టర్‌ను ఎంత లోతున పెట్టాలన్నది మరో ముఖ్యమైన సంగతి. దాని మీద కనీసపు, గరిష్ఠపు లోతుల గుర్తులు ఉంటాయి. టైల్ ముఖం ఆ రెండింటి నడుమ పడాలి. మేస్త్రి గారు రెండు టైల్ ముక్కలను గోడకు ఆనించి, రసమట్టం పెట్టి చూసి, ఆ తర్వాతే డైవర్టర్‌ను బిగించనిచ్చారు.

విద్యుత్తు పని గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇందులో అభిరుచికి చోటు లేదు. గీజర్‌కు విడిగా లైను, అన్నింటికీ సరైన ఎర్తింగ్, విద్యుత్తు లీకై 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే చాలు సరఫరాను తెంచేసే ఆర్‌సీసీబీ, ఈ మూడూ లేకుండా తడి గదిలో స్విచ్చు వేయకూడదు. అద్దానికి ఇరువైపులా దీపాలు కావాలన్న నిర్ణయం ప్లాస్టరింగ్‌కు ముందే తీసుకోవాలి. తర్వాత గుర్తుకొస్తే కొత్త గోడను మళ్లీ చెక్కాల్సిందే.

ఈ పని మొత్తంలో నేను ఎక్కువ శ్రద్ధ పెట్టింది వాటర్ ప్రూఫింగ్ మీద. గోడ, నేల కలిసే మూలలే ముందుగా బీటలిచ్చే చోట్లు. కట్టడం కాస్త కదిలినా ఆ కదలిక అక్కడే తేలుతుంది. అందుకని మూలల వెంబడి సిమెంటుతో గుండ్రంగా వాలు తీర్చి, అక్కడా, పైపులు నేలను చీల్చుకుని వచ్చే చోట్లా జాలీ గుడ్డను పూతలో పొదిగారు. పాలిమర్ కలిసిన సిమెంటు పూతను మొదట ఒక దిశలో, అది ఆరాక దానికి అడ్డంగా మరో దిశలో కుంచెతో పూశారు. ఇలా ఒకదానికొకటి అడ్డంగా పూస్తే మొదటి పొరలో మిగిలిన సూది రంధ్రాలను రెండో పొర మూసేస్తుంది. షవర్ ఉన్న గోడలకు తల దాటే ఎత్తు వరకు, తక్కిన గోడలకు అడుగు ఎత్తు వరకు, గడప కిందికి కూడా ఆ పూత వేయించాం. గడపను చాలామంది వదిలేస్తారు. నేను గీసిన సుద్దగీతల్లో ఒకటి అక్కడే ఉంది కాబట్టి పట్టుబట్టి వేయించాను. పూత గట్టిపడ్డాక జాలీ మూసి, గడప దగ్గర ఇటుక అడ్డు కట్టి, రెండు అంగుళాల నీళ్లు నింపాం. ఈ పరీక్షకు కనీసం 24 గంటలు కావాలి. మేము 48 గంటలు ఉంచాం. నీటిమట్టం దగ్గర గోడ మీద పెన్సిలుతో గీత పెట్టి, కింది గది పైకప్పునూ, పడకగది గోడనూ పూటపూటకూ చేత్తో తడిమి చూశాం. ఆవిరిగా పోయిన కాస్త నీరు తప్ప మట్టం తగ్గలేదు. పని ఆలస్యమవుతోందని ఈ రెండు రోజులను తగ్గించుకోవాలని ఎవరికైనా అనిపిస్తే, దయచేసి ఆ తొందర ఇంకెక్కడైనా చూపించండి. టైల్స్ వేశాక ఈ పరీక్ష చేసినా, తప్పు ఎక్కడుందో చెప్పలేం.

టైల్స్ దుకాణంలో అందరి చూపూ మొదట రంగు మీదికే పోతుంది. నేను టైల్‌ను తిరగేసి వెనకవైపు చూడటం, పెట్టె మీద రాసింది చదవడం అలవాటు చేసుకున్నాను. విట్రిఫైడ్ టైల్ నీటిని 0.5 శాతానికి మించి పీల్చుకోదు. మామూలు సిరామిక్ గోడ టైల్ 10 శాతానికి పైగా పీల్చుకుంటుంది. గోడకు రెండోది చాలు గాని నేలకు పనికిరాదు. నేల టైల్‌కు జారుడు ఎంతో చెప్పే ఆర్ గుర్తు ఉంటుంది. ఆర్ 9 నుంచి ఆర్ 13 వరకు ఉండే ఆ వరుసలో అంకె పెరిగేకొద్దీ పట్టు పెరుగుతుంది. స్నానం చేసే చోట ఆర్ 11 ఎంచుకున్నాం. అంతకన్నా గరుకైనది పాదానికి గుచ్చుకుంటుంది, మురికి కూడా పడుతుంది. టైల్ పరిమాణాన్ని నిర్ణయించింది మాత్రం వాటమే. రెండు అడుగుల పలకలు చూడటానికి దర్జాగా ఉంటాయి, కానీ నేల నాలుగు వైపుల నుంచీ ఒక జాలీ వైపు వాలాలంటే పెద్ద పలక వంగదు, దాన్ని కోణంలో కోయాల్సి వస్తుంది. గోడ వెంబడి పొడవాటి జాలీ పెట్టుకుంటే నేల ఒక్క వైపే వాలుతుంది కాబట్టి పెద్ద పలకలు సాధ్యమే. మా పైపు ఉన్న చోటు అందుకు కుదరలేదు. అందుకని షవర్ కింద నాలుగు అంగుళాల చిన్న పలకలు, తక్కిన నేలకు అడుగు పలకలు తీసుకున్నాం. చిన్న పలకలకు సందులు ఎక్కువ, ఆ సందులే కాలికి పట్టునిస్తాయి.

వాటం లెక్క అడుగుకు పావు అంగుళం, అంటే సుమారు 2 శాతం. షవర్ బయట అందులో సగం చాలనుకున్నాం. మేస్త్రి గారు గడప నుంచి జాలీకి దారం కట్టి, మూలమూలకూ ఎత్తు గుర్తుగా చిన్న బొట్టు పలకలు పెట్టి, నీళ్లు పోసి చూపించారు. “కంటికి సమంగానే ఉంటుందమ్మా, నీళ్లకే తెలుస్తుంది,” అన్నారు. నా గోళీ తెచ్చి ప్రతి మూల నుంచీ వదిలి చూశాను. అన్నిచోట్ల నుంచీ అది జాలీకే చేరింది.

విట్రిఫైడ్ టైల్ నీటిని దాదాపు పీల్చుకోదు గనుక ఉట్టి సిమెంటు పాలు దానికి అంటుకోవు. టైల్ జిగురే వాడాలి. పళ్ల తాపీతో జిగురును ఒకే దిశలో గాళ్లు గాళ్లుగా పరిచి పలకను గట్టిగా నొక్కితే ఆ గాళ్ల మధ్య గాలి బయటికి పోతుంది. నడుమ నడుమ ఒక పలకను వెంటనే పైకి లేపించి, వెనక జిగురు మొత్తం అంటిందో లేదో చూశాను. నాలుగు మూలల్లో నాలుగు ముద్దలు పెట్టి అంటించే పద్ధతికి ఎంతమాత్రం ఒప్పుకోకండి. ఆ బోలులో నీరు నిలుస్తుంది, బరువైన వస్తువు పడితే పలక అక్కడే పగులుతుంది. అంటించే ముందు పలకలను పొడిగా నేల మీద పరిచి, కోసిన ముక్కలు ఎక్కడ పడతాయో చూసుకోవడం వల్ల చాలా లాభం కలిగింది. తలుపు తీయగానే కనిపించే గోడకు నిండు పలకలు వచ్చాయి, కోతలన్నీ తలుపు వెనకకు పోయాయి. గదికి తీరైన రూపం వచ్చిందని చూసినవారు అంటున్నారంటే అందులో సగం ఇలా ముందే పరిచి చూసుకోవడం వల్లే వచ్చిందని నా నమ్మకం.

టైల్స్ సందులు పూడ్చడానికి షవర్ చోట ఎపాక్సీ అనే రసాయన జిగురుతో చేసిన గ్రౌట్, మిగిలిన చోట్ల సిమెంటు గ్రౌట్ పెట్టించాం. ఎపాక్సీ నీటినీ మరకనూ లోపలికి రానివ్వదు గాని, పలక మీద పడిన పొరను అది గట్టిపడకముందే స్పాంజితో తుడవాలి; మర్నాటికి వదిలితే గీకినా పోదు. గోడ, నేల కలిసే సందులో మాత్రం గ్రౌట్ పెట్టనివ్వలేదు. అక్కడ బూజు పట్టని రకం సిలికాన్ పెట్టించాం, ఎందుకంటే అది సాగుతుంది.

గాలి సంగతికి వస్తే, మా గది 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు. అంటే 360 ఘనపుటడుగుల గాలి. గంటకు 10 సార్లు ఆ గాలి మారాలంటే 3,600 ఘనపుటడుగులు, నిమిషానికి 60. గొట్టంలో కొంత వేగం తగ్గుతుంది కనుక అంతకన్నా పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యానే తీసుకున్నాం. బయటికి పంపే గాలికి బదులు లోపలికి గాలి రావాలి కదా, అందుకని తలుపు కింద ముప్పాతిక అంగుళం సందు ఉంచాం. స్నానం అయ్యాక కూడా కాసేపు తిరిగి దానంతట అదే ఆగిపోయేలా టైమర్ స్విచ్ పెట్టాం. కిటికీ కింది చట్టాన్నీ, సబ్బుల గూడు అడుగునూ గది వైపుకు కొద్దిగా వాలుగా అంటించాం. ఇప్పుడు మధ్యాహ్నం దాకా ఆగనక్కరలేదు, స్నానాలైన కొద్దిసేపటికే నేల పొడిబారిపోతోంది. పడకగది గోడకు మాత్రం ఇంకా రంగు వేయించలేదు. చెడిన ప్లాస్టరు గీకించి అలాగే వదిలాం. ఇటుకలో దిగిన చెమ్మ పూర్తిగా ఆరకముందే రంగు వేస్తే మళ్లీ బుడగలే వస్తాయి.

అలంకరణ విషయంలో నేను మొదట ఎంచుకున్నది దీపాలను, ఆ తర్వాతే రంగులను. దుకాణంలోని తెల్లటి వెలుతురులో చూసిన రంగు ఇంట్లో అలా ఉండదు. తల మీద ఒక్క దీపమే ఉంటే కళ్ల కింద, గడ్డం కింద నీడలు పడతాయి. ముఖం ఎత్తులో అద్దానికి చెరోవైపు దీపాలుంటే ఆ నీడలు ఉండవు. 3000 కెల్విన్ల వెచ్చని కాంతి, రంగులను ఎంతవరకు ఉన్నవి ఉన్నట్లు చూపుతాయో చెప్పే సీఆర్ఐ అంకె 90కి పైబడిన దీపాలు తెచ్చి, వాటి కింద టైల్ ముక్కలనూ రంగు పూసిన అట్టలనూ పొద్దునా రాత్రీ పెట్టి చూసుకున్నాం. నాకెంతో ఇష్టమైన బూడిద రంగు రాత్రిపూట బురద రంగులా కనిపించడంతో పక్కన పెట్టేశాను. చివరికి గోడలకు మీగడ తెలుపు, నేలకు ఇసుక రంగు, వాష్ బేసిన్ వెనక గోడకు మాత్రం ఆకుపచ్చ ఎంచుకున్నాం. మూడు రంగులకు మించితే చిన్న గది ఇరుకుగా తోస్తుంది. నల్లటి కుళాయిలు ఇప్పుడు చాలామంది ఇష్టపడుతున్నారు, కానీ ఉప్పునీరు వాటి మీద తెల్లటి చుక్కలుగా ఆరుతుంది. మేము సన్నని గీతలున్న ఉక్కు రంగువి తీసుకున్నాం. బేసిన్ కింది అల్మారాను గోడకు వేలాడదీశాం. కింద నేల కనబడితే గది పెద్దదిగా అనిపిస్తుంది, తుడవడం తేలిక, ఆ నేలకు గాలి తగులుతుంది. తువ్వాళ్లకు కొక్కేల బదులు పొడవాటి కమ్మీలు పెట్టించాను. కొక్కేనికి వేలాడే తువ్వాలు ముడతల్లో ఆరదు, పరిచి ఆరేసినది ఆరుతుంది. కిటికీలో మనీ ప్లాంట్ పెట్టాను. తక్కువ వెలుతురులోనూ అది బతుకుతుంది.

కమోడ్ పక్కనా, షవర్ దగ్గరా అమ్మ కోసం పట్టుకమ్మీలు పెట్టించాం. అవి తువ్వాలు కమ్మీల్లా టైల్‌కు మాత్రమే బిగించేవి కావు, మనిషి బరువంతా మోసేలా ఇటుక గోడ లోపలి దాకా దిగాలి. వాటి ఎత్తును పుస్తకం చూసి కాకుండా, అమ్మను కూర్చోబెట్టి, లేవమని చెప్పి, ఆమె చేయి సహజంగా ఎక్కడ పడిందో అక్కడ గుర్తు పెట్టి నిర్ణయించాను. కొత్త ఫ్లష్ ట్యాంకుకు రెండు మీటలున్నాయి, ఒకటి 3 లీటర్లు, మరొకటి 6 లీటర్లు వదులుతుంది. మీట గట్టిగా ఉంటే పెద్దవారు వేళ్లతో నొక్కలేరు గనుక అది కూడా ఆమెతోనే నొక్కించి చూశాకే తెచ్చాం. మిగిలిన టైల్స్‌ను పెట్టె మీది బ్యాచ్ నంబరుతో సహా అటక మీద దాచాను, ఎందుకంటే అదే పేరుతో తర్వాత వచ్చే టైల్‌లో రంగు కొద్దిగా మారుతుంది.

షవర్‌కు గాజు అడ్డు పెట్టాలా వద్దా అన్నది ఇంకా తేల్చలేదు. పెడితే గదిలో మిగతా నేల పూర్తిగా పొడిగా ఉంటుంది, కానీ స్నానం చేసేటప్పుడు అమ్మకు ఎవరైనా సాయం పట్టాలంటే చోటు ఇరుకవుతుంది, గాజును రోజూ తుడవకపోతే నీటి మరకలు కడతాయి. ప్రస్తుతానికి తెర వేలాడుతోంది. ఎప్పుడైనా గాజు పెట్టాలనుకుంటే దాన్ని బిగించాల్సిన గోడలో ఆ మేరకు పైపులు రాకుండా ముందే చూసుకున్నాం.